హుంబాలో బెల్లం ఎప్పుడు వెయ్యాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే వంట మీద ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో విసయ దీవుల వాళ్లు పండగలకీ పెళ్లిళ్లకీ వండే హుంబా అది. పంది పొట్ట మాంసాన్ని సోయా సాస్, వెనిగర్, ముదురు చక్కెరతో సన్నని సెగ మీద గంటన్నరకు పైగా మగ్గించి, ముక్కకు పట్టేలా ఇగిర్చే వంట. తీపి, ఉప్పు, వాటి వెనక కాస్త పులుపు ఉంటాయి. కారం ఉండదు. దావావోలో, సెబూలో మెడిసిన్ చదువుతున్న మన పిల్లల వల్ల ఈ రుచి తెలుగిళ్ల దాకా వచ్చినట్టుంది. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మా అమ్మాయి దావావోలో ఎంబీబీఎస్ చదువుతోంది. సెలవులకు వచ్చి హుంబా చేసిపెట్టమంటోంది. కొలతలతో సహా చెప్పగలరా? ఆ పేరుకి అర్థం ఏమిటి?
– విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పేరు చైనా వాళ్లది. ఫుజియాన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన హొక్కియెన్ భాషస్తులు ఇలా మగ్గించిన మాంసాన్ని ‘హోంగ్-బా’ అంటారు, ‘బా’ అంటే మాంసం. అదే విసయ నోళ్లలో హుంబా అయింది. అక్కడి జనం సరదాగా ఇంకో అర్థం కూడా చెప్పుకుంటారు: ‘హుమోత్ ఙా బాబోయ్’, ఘుమఘుమలాడే పంది అని. వాళ్ల భాషలో పందిని ‘బాబోయ్’ అంటారు. హోటల్ బోర్డు మీద ఆ మాట చూసి తెలుగువాళ్లు కంగారు పడనక్కర్లేదు.

అయిదారుగురికి సరిపోయే కొలతలు ఇవి. తోలుతో ఉన్న పొట్ట మాంసం 1 కిలో, 4 సెంటీమీటర్ల ముక్కలుగా. వెల్లుల్లి ఒక పెద్ద గడ్డ, రెబ్బలన్నీ చితక్కొట్టి. పెద్ద ఉల్లిపాయ 1. సోయా సాస్ 75 మి.లీ., అంటే 5 పెద్ద చెంచాలు. వెనిగర్ 60 మి.లీ. ముదురు బెల్లం 90 గ్రాములు. మిరియాలు 1 చిన్న చెంచా, దంచకుండా. లారెల్ (బే లీఫ్) ఆకులు 3, మన బిర్యానీ ఆకు వేరు. తౌసి, అంటే ఉప్పులో పులియబెట్టిన నల్ల సోయా గింజలు, 2 పెద్ద చెంచాలు. ఎండు అరటి పువ్వు ఒక గుప్పెడు, గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి పిండినది. పచ్చి వేరుశనగ గుళ్లు 60 గ్రాములు, విడిగా ఉడికించినవి. నీళ్లు అర లీటరు. అనాస పువ్వు ఒకటి, ఇష్టమైతేనే. ఈ జాబితాలో ఉప్పు లేదు. మేం మరచిపోలేదు, దీనికి వెయ్యకూడదు.

ముక్కల్ని చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరగడం మొదలయ్యాక 5 నిమిషాలు ఉంచి ఆ నీళ్లు పారబోసి, ముక్కలు కడిగి, పొడిగుడ్డతో బాగా తుడవండి. దీంతో పైన తేలే మురికి నురగ, నీచు వాసన పోతాయి. తోలు మీద వెంట్రుకలు మిగిలితే ఇప్పుడే గీకెయ్యడం తేలిక. తుడవడం మాత్రం మానకండి, తడి ముక్క వేడి గిన్నెలో పడితే కొవ్వు మొహం మీదికి చిమ్ముతుంది.

మందపాటి వెడల్పు గిన్నెలో నూనె పొయ్యకుండా ముక్కల్ని తోలు కిందికి ఉండేలా పేర్చి, మధ్యస్థ సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు ఎర్రబరచండి. దాని కొవ్వులోనే అది వేగుతుంది. ఒకేసారి కిక్కిరిసి పేరిస్తే వేగకుండా ఉడికిపోతుంది కాబట్టి రెండు విడతలు చెయ్యండి. ముక్కలు తీసి, గిన్నెలో ఒక పెద్ద చెంచా కొవ్వు మాత్రం ఉంచి మిగతాది వంపెయ్యండి. అందులో ఉల్లి, వెల్లుల్లి 3 నిమిషాలు వేపి, ముక్కలు మళ్లీ వేసి, వెనిగర్, మిరియాలు, ఆకులు వెయ్యండి. ఇక్కడ మూత పెట్టకండి, 5 నిమిషాలు అలా మరగనివ్వండి. వెనిగర్ వేశాక మరిగేదాకా గరిటె పెట్టకూడదని ఫిలిప్పినో వంటింట్లో పెద్దవాళ్లు గట్టిగా చెబుతారు. మా లెక్కలో గరిటె కంటే మూతే ముఖ్యం. మూత తీసి ఉంటే ముక్కుకు కొట్టే ఘాటు తగ్గుతుంది, పులుపు పోదు.

ఇప్పుడు సోయా సాస్‌లో సగం, నీళ్లు, అనాస పువ్వు వేసి మూత పెట్టి, సన్నని సెగ మీద గంట సేపు వదిలెయ్యండి. గిన్నెలో అక్కడొకటి ఇక్కడొకటి బుడగ రావాలి, అంతే. గంటకు ముక్కలో పుల్ల గుచ్చితే తోలు దగ్గర కొంచెం అడ్డుపడుతూ దిగుతుంది. అదే బెల్లం వెయ్యాల్సిన సమయం. దాంతోపాటే కడిగిన తౌసి, అరటి పువ్వు, ఉడికిన గుళ్లు వేసి, మూత ఓరగా పెట్టి ఇంకో 30 నుంచి 40 నిమిషాలు. చివరి పది నిమిషాలు మూత పూర్తిగా తీసి ఇగరనివ్వాలి. గరిటెతో కలపకుండా గిన్నె చెవులు పట్టుకుని ఊపండి, అప్పటికి ముక్క ఎంత మెత్తబడి ఉంటుందంటే గరిటె తగిలితే తోలు ఊడొస్తుంది. ఇగురు చెంచా వెనక అంటుకుని, వేలితో గీత గీస్తే గీత నిలబడాలి. అప్పుడు రుచి చూసి, దాచిన సోయా సాస్‌ను చెంచా చెంచాగా కలుపుకోండి. మొత్తం పట్టకపోవచ్చు కూడా.

వేడి తెల్లన్నంతోనే తినాలి. సెబూలో ఇలాంటి కూరలకి ‘పుసో’ తోడు, కొబ్బరాకు అల్లిన చిన్న సంచిలో బియ్యం పోసి ఉడికించిన అన్నం ముద్ద అది.

ప్రశ్న: తౌసి, మస్కొవాడో, కొబ్బరి వెనిగర్ హైదరాబాద్‌లో నాకు దొరకలేదు. ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు? పులుపు కోసం చింతపండు వాడొచ్చా?
– హైదరాబాద్ నుంచి

జవాబు: మీకు తేలిగ్గా దొరికే బదులు మస్కొవాడోకే. అది మొలాసిస్ తియ్యకుండా చేసిన చెరకు చక్కెర. విసయలోని నేగ్రోస్ దీవి చెరకుకి పేరుపడ్డది, హుంబాలో ఆ ముదురు చక్కెర ఉండటంలో వింతేమీ లేదు. మన బెల్లం కూడా మొలాసిస్ తియ్యని చెరకు తీపే కదా. నల్లగా, మెత్తగా ఉండే పాత బెల్లం తీసుకోండి. రసాయనం వేసి తెల్లబరచిన లేత పసుపు బెల్లంలో తీపే ఉంటుంది, ఆ మాడుతీపి వాసన ఉండదు. తురిమి 100 మి.లీ. వేణ్నీళ్లలో కరిగించి వడకట్టి పొయ్యండి, ఇసుక, చెరకు పీచు కూరలోకి పోవు. తాటి బెల్లం మొత్తం వేస్తే దాని వాసనే పైకొస్తుంది, సగం సగం అయితే బావుంటుంది. తెల్ల పంచదార మాత్రం చప్పగా ఉంటుంది.

వెనిగర్ సంగతి. విసయ పల్లెల్లో కొబ్బరి కల్లు పులిసి వెనిగర్ అవుతుంది. కల్లుని వాళ్లు ‘తుబా’ అంటారు. గోవాలోనూ కొబ్బరి వెనిగర్ వాడతారు, ఆన్‌లైన్‌లో వెతకండి. లేకపోతే చెరకు వెనిగర్ గానీ యాపిల్ వెనిగర్ గానీ అదే కొలతలో సరిపోతుంది. కిరాణా కొట్లో ‘సింథటిక్’ అని రాసి ఉన్న తెల్ల వెనిగర్ అయితే 60 బదులు 45 మి.లీ. చాలు, దానికి పులుపే తప్ప వెనక రుచి లేదు. మన తాటి కల్లో ఈత కల్లో పులియబెట్టి వేద్దామన్న ఆలోచన వద్దు, అందులో పులుపు ఎంతుందో లెక్క తేలదు. చింతపండు వేస్తే పులుసు అవుతుంది, తినడానికి బాగానే ఉండొచ్చు, హుంబా మాత్రం కాదు.

తౌసి లేకపోతే మానెయ్యండి. దాని బదులు రాజ్మా, నల్ల సెనగలు వేసిన వంటలు చూశాం, వాటికీ తౌసికీ సంబంధం లేదు. చైనా సరుకులు అమ్మే చోట ‘ఫర్మెంటెడ్ బ్లాక్ బీన్స్’ అని అడగండి, అదే సరుకు.

లారెల్ ఆకు దగ్గరే చాలామంది తెలియకుండా మోసపోతారు. మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది. పొడుగునా మూడు ఈనెలుంటే అది బిర్యానీ ఆకు, దాల్చిన చెక్క వాసన వేస్తుంది. నడుమ ఒకే ఈనె ఉండి పక్కలకు చీలితే లారెల్. బిర్యానీ ఆకే ఉంటే ఒక్కటి వెయ్యండి, మూడు వేస్తే హుంబా మీద కుర్మా నీడ పడుతుంది.

ప్రశ్న: మీరు చెప్పిన రకం వంటే చేశాను. అరకప్పు సోయా సాస్, ఒక చెంచా ఉప్పు, డబ్బాలోని తౌసి నీళ్లతో సహా పోశాను. నోట్లో పెట్టుకోలేకపోయాం. బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందంటారు, నిజమేనా?
– గుంటూరు నుంచి

జవాబు: లెక్క చూడండి. మామూలు సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. అరకప్పు అంటే 8 పెద్ద చెంచాలు, అందులోనే 20 గ్రాములు. చిన్న చెంచాడు ఉప్పు ఇంకో 5, పెద్ద చెంచా అయితే దానికి మూడింతలు. తౌసి నీళ్లు దాని మీద అదనం. కిలో మాంసానికి మొత్తం 12, 13 గ్రాములు చాలు. పైగా ఇగిరే కొద్దీ నీళ్లు పోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. గంట ముందు సరిగ్గా ఉందనిపించిన రుచి చివరికి ఉప్పుకషాయం అవుతుంది. సోయా సాస్ సగం దాచమన్నది ఇందుకే. తౌసిని కూడా నీళ్లు వంపి, జల్లెడలో రెండుసార్లు కడిగి వేసుకోవాలి.

బంగాళాదుంప ఉప్పును ఏరి తీసుకోదు. ఉప్పునీళ్లను పీలుస్తుంది, అంతే. మిగిలిన పులుసు ఉప్పదనం తగ్గదు. దానికన్నా గిన్నెలోంచి మూడో వంతు పులుసు తీసేసి, అన్ని వేణ్నీళ్లు పోసి, ఒక చిన్న చెంచా వెనిగర్, ఒక పెద్ద చెంచా బెల్లం వేసి ఇంకో 10 నిమిషాలు సన్నని సెగ మీద ఉంచండి. ఉడికించి పొట్టు తీసిన కోడిగుడ్లు నాలుగు వేసినా మంచిదే, హుంబాలో గుడ్లు వేసుకోవడం అక్కడా ఉంది. తీసేసిన పులుసు పారెయ్యకండి, ఫ్రిజ్‌లో పెట్టి వేపుడన్నంలో ఒక చెంచా వేసుకోవచ్చు.

ఇంకో మాట. మన దగ్గర ‘డార్క్’ అని అమ్మే సోయా సాస్ ఎక్కువగా రంగు కోసం చేసింది, చిక్కగా నల్లగా ఉంటుంది. హుంబాకి పలచటి రకం కావాలి. ఫిలిప్పీన్స్‌లో సిల్వర్ స్వాన్, దాతు పుతి సీసాలు కనిపిస్తాయి, పలచగా, బాగా ఉప్పగా ఉంటాయి.

ప్రశ్న: బెల్లం మొదట్లోనే వేశాను. గంటకి అడుగంటి చేదొచ్చింది. ఈ ఊళ్లో బెల్లం వండటం మాకు కొత్త కాదు, తప్పెక్కడ?
– అనకాపల్లి నుంచి

జవాబు: బెల్లం ఊరి నుంచే ఈ ప్రశ్న రావడం బావుంది. తప్పు బెల్లానిది కాదు, గిన్నెది, గడియారానిది. పాకం పట్టేటప్పుడు మీరు పొయ్యి దగ్గరే నిలబడి తిప్పుతారు. హుంబాని మూత పెట్టి వెళ్లిపోతారు. పులుసు తగ్గి చక్కెర చిక్కబడ్డాక అది బరువుగా అడుగు చేరుతుంది, పలచటి గిన్నె అయితే అక్కడే మాడుతుంది. సెబూలో అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి వండేవాళ్లు ఉన్నారు, వాళ్ల చెయ్యి తిరిగిన పని అది. మొదటిసారి వండేవాళ్లకు మేం చెప్పే వరస ఒకటే: పులుపు ముందు, ఉప్పు రెండు విడతలుగా, తీపి మాంసం మెత్తబడ్డాక.

అడుగంటిందని తెలిసిన క్షణం గరిటె పెట్టకండి. పొయ్యి ఆర్పి, పైన ఉన్న ముక్కల్ని, పులుసుని ఇంకో గిన్నెలోకి నెమ్మదిగా తీసుకోండి, అడుగు గీకొద్దు. రుచి చూసి చేదు లేకపోతే ఒక కప్పు వేణ్నీళ్లు పోసి కొనసాగించొచ్చు. చేదు పులుసులోకి దిగితే దాన్ని బెల్లంతో కప్పలేరు. ముక్కల్ని కడిగి కొత్త పులుసు పెట్టుకోవడమే దారి.

ప్రశ్న: కొవ్వు వద్దని తొడ కండ ముక్కలతో చేశాం. రెండు గంటలు ఉడికినా పీచులా, పొడిగా ఉంది. పులుసు కూడా చిక్కబడలేదు. కార్న్‌ఫ్లోర్ వెయ్యాలా?
– సికింద్రాబాద్ నుంచి

జవాబు: రెండు ఇబ్బందులకీ మూలం ఒకటే, తోలు లేకపోవడం. తోలులో, కండల మధ్య పొరల్లో ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్ సన్నని సెగ మీద చాలాసేపు ఉంటే కరిగి జెలటిన్ అవుతుంది. ముక్క మెత్తగా జారడం, పెదాలకు అంటుకోవడం, పులుసుకి చిక్కదనం అన్నీ దాని నుంచే. కొవ్వు లేని తొడ కండలో అది తక్కువ. ఎక్కువసేపు ఉడికేకొద్దీ కండ తనలోని నీళ్లు వదిలి బిగుసుకుంటుంది, మెత్తబడదు.

పొట్ట భాగం ఇష్టం లేకపోతే ముందుకాలు తీసుకోండి, తోలుతో, ఎముకతో. ఫిలిప్పీన్స్‌లో దాన్ని ‘పాతా’ అంటారు, హుంబాకి అదీ వాడతారు. కొవ్వు తక్కువ, జెలటిన్ ఎక్కువ. రెండున్నర గంటలు పడుతుంది. కండ ముక్కలే కావాలంటే భుజం భాగం నయం. కార్న్‌ఫ్లోర్ వద్దు. ముక్కలు పక్కకు తీసి, పులుసుని పెద్ద సెగ మీద ఒంటరిగా మరిగించి తగ్గించండి. అయితే గుర్తుంచుకోండి, జెలటిన్ ఉన్న ఇగురు చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. పొయ్యి మీదే పాకంలా అయ్యేదాకా ఉంచితే కంచంలోకి వచ్చేసరికి జిగురవుతుంది.

తోలుతో ఉన్న సరైన మాంసమే తీసుకున్నా ఇంకా గట్టిగా ఉందంటే అది ఉడకలేదు, అంతే. గంటంపావుకి గట్టిగా అనిపించే ముక్క రెండు గంటలకి చెంచాతో తెగుతుంది. సెగ పెంచితే తొందరగా కాదు, ముక్క అంచులు విడిపోయి లోపల గట్టిగానే ఉంటుంది.

ప్రశ్న: కుక్కర్లో ఎన్ని విజిల్స్?
– రాజమహేంద్రవరం నుంచి

జవాబు: విజిల్స్ లెక్క ఒక్కో కుక్కర్‌కి ఒక్కోలా ఉంటుంది, నిమిషాలు నమ్ముకోండి. ఎర్రబరచడం, వెనిగర్ మూత లేకుండా మరిగించడం ఎప్పటిలాగే చెయ్యండి. తర్వాత సగం సోయా సాస్, నీళ్లు 200 మి.లీ. మాత్రమే. మూత పెట్టిన కుక్కర్లో నీళ్లు పెద్దగా తగ్గవు, అర లీటరు పోస్తే తర్వాత అరగంట ఇగర్చుకుంటూ కూర్చోవాలి. మొదటి విజిల్ వచ్చాక సెగ బాగా తగ్గించి 20 నిమిషాలు, ముందుకాలు ముక్కలైతే 35. ఆవిరి దానంతట అది దిగనివ్వండి. చన్నీళ్ల కింద పెట్టి దింపితే లోపల పులుసు ఒక్కసారి ఎగిసి ముక్కలు చెదిరిపోతాయి.

బెల్లం కుక్కర్లో వెయ్యకండి, మూత తియ్యకుండా అడుగు మాడుతున్న సంగతి మీకు తెలియదు. వెడల్పు బాణలిలోకి మార్చి, అప్పుడు బెల్లం, మిగతావి వేసి 15 నుంచి 20 నిమిషాలు ఇగర్చండి. మామూలు అల్యూమినియం కుక్కర్ అయితే వెనిగర్, ఉప్పు కలిసి గిన్నెని తింటాయి, కూరకి లోహపు రుచి వస్తుంది. స్టీలు వాడండి.

ప్రశ్న: మా పెరట్లో అరటి పువ్వులు బోలెడు. ఎండుది కాకుండా పచ్చిది వెయ్యొచ్చా? వేరుశనగ గుళ్లు ఎంత ఉడికినా నాకు గట్టిగానే ఉన్నాయి, ఎందుకని?
– అమలాపురం నుంచి

జవాబు: వెయ్యొచ్చు, కానీ ఎండుది వేరు. ఎండినప్పుడు వగరు తగ్గి, నానాక పీచుపీచుగా పులుసును పట్టుకుంటుంది. పచ్చిదైతే మీరు కూరకి ఎలా ఒలుస్తారో అలాగే ప్రతి పూవులోంచి గట్టి పుల్లని, పక్కనున్న పారదర్శకమైన రేకుని తీసేసి, పలచటి మజ్జిగలో వేసి ఉంచండి. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో 7, 8 నిమిషాలు ఉడికించి గట్టిగా పిండి, చివరి 15 నిమిషాలకి వెయ్యండి. పిండకపోతే వగరు నీళ్లు ఇగురంతా పాడుచేస్తాయి. కిలో మాంసానికి ఒలిచిన పూలు ఒక కప్పుకి మించొద్దు. ఎండబెట్టుకునే ఓపిక ఉంటే ఇలా ఉడికించి పిండినవి మూడు నాలుగు రోజులు మంచి ఎండలో పెట్టి డబ్బాలో దాచుకోండి.

గుళ్ల విషయంలో కారణం పులుపు. పప్పులో చింతపండు ముందే వేస్తే కందిపప్పు ఎందుకు ఉడకదో అదే ఇక్కడా. వెనిగర్ ఉన్న పులుసులో పచ్చి గుళ్లు మెత్తబడవు, తీపి కూడా తోడైతే ఇంకా మొండికేస్తాయి. రాత్రి నానబెట్టి, విడిగా ఉత్త నీళ్లలో మెత్తగా ఉడికించి అప్పుడు కలపండి. వేపిన గుళ్లు వద్దు.

ప్రశ్న: ఇక్కడి ఫిలిప్పినో సహోద్యోగి అదోబో అని తెచ్చింది కూడా నాకు హుంబాలాగే అనిపించింది. పాక్సివ్, పాతా తిమ్, హమొనాడో అన్న పేర్లూ విన్నాను. తేడాలేమిటి?
– డాలస్ నుంచి

జవాబు: అన్నీ చుట్టాలే. అదోబోలో వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు ముందు, తీపి తప్పనిసరి కాదు. చాలా ఇళ్లలో చక్కెర వెయ్యరు, కొన్ని ఇళ్లలో సోయా సాస్ కూడా వెయ్యరు. వెనిగర్లో మాంసం ఉడికించడం స్పానిష్ వాళ్లు రాకముందు నుంచే ఉంది, పేరు మాత్రం వాళ్లది. 1613లో అచ్చయిన తగలోగ్ (ఫిలిప్పీన్స్‌లోని ఒక భాష) నిఘంటువులో పెద్రో దె సాన్ బ్యువెనవెంతురా అనే స్పానిష్ సన్యాసి దాన్ని ‘స్థానికుల అదోబో’ అని నమోదు చేశాడు. హుంబాకి తీపి లేకపోతే హుంబా కాదు.

పాక్సివ్ న పాతా హుంబాకి మరీ దగ్గరిది. పంది కాలు, వెనిగర్, సోయా, చక్కెర, అరటి పువ్వు, అన్నీ అవే, కాకపోతే అందులో పులుపు ముందుంటుంది, పులుసు పలచగా ఉంటుంది. పాతా తిమ్ చైనా దారిది. కాలు మొత్తం అనాస పువ్వుతో మెత్తగా మగ్గించి, ఆకుకూర చుట్టూ పేర్చి, పులుసు చిక్కబరచి పోస్తారు. కార్న్‌ఫ్లోర్ పనికొచ్చేది అక్కడ. హమొనాడోకి తీపి పైనాపిల్ నుంచి వస్తుంది.

మీ దగ్గర సరుకుల గొడవ లేదు. అమెరికా, కెనడాల్లో సీఫుడ్ సిటీ అనే ఫిలిప్పినో సూపర్ మార్కెట్లు ఉన్నాయి, తౌసి, ఎండు అరటి పువ్వు లాంటివి అలాంటి చోట అడగండి.

ప్రశ్న: హమొనాడో కోసం తాజా పైనాపిల్ రసంలో మాంసం రాత్రంతా నానబెట్టాను. పొద్దున పైపొర పిండిపిండిగా అయిపోయింది. చెడిపోయిందా?
– బెంగళూరు నుంచి

జవాబు: ఫ్రిజ్‌లోనే పెట్టి ఉంటే చెడిపోలేదు, పైనాపిల్ దాన్ని సగం అరిగించింది. తాజా పండులో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ మాంసంలోని ప్రొటీన్‌ను విడగొడుతుంది. పచ్చి బొప్పాయి వేస్తే మటన్ ఎలా మెత్తబడుతుందో అలాగే. తాజా రసంలో అరగంటకి మించి నానబెట్టకండి. లేదా రసాన్ని 5 నిమిషాలు మరిగించి చల్లార్చి వాడండి, వేడికి ఆ ఎంజైమ్ పనిచెయ్యదు. డబ్బా రసం అప్పటికే వేడి చేసింది కాబట్టి రాత్రంతా ఉన్నా ఏమీ కాదు.

ప్రశ్న: రియాద్‌లో ఉంటాం. పంది మాంసం దొరకదు. బీఫ్‌తో, చికెన్‌తో ఈ రుచి వస్తుందా?
– రియాద్ నుంచి

జవాబు: బీఫ్‌తో వస్తుంది. పిక్క భాగం గానీ పక్కటెముకల మాంసం గానీ తీసుకుని రెండున్నర గంటలు ఇవ్వండి, నీళ్లు 700 మి.లీ. పొయ్యండి, వేపడానికి రెండు చెంచాల నూనె కావాలి. తీపి-ఉప్పు కలిసిన బీఫ్ కావాలనుకుంటే ‘బీఫ్ పారెస్’ కూడా చూడండి, అనాస పువ్వుతో మగ్గించి వెల్లుల్లి వేపుడన్నం, వేడి రసం గిన్నెతో పెడతారు. చికెన్ తొడలైతే 40 నిమిషాలు చాలు, బెల్లం 50 గ్రాములకు తగ్గించండి. కొవ్వు లేని చోట అంత తీపి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ప్రశ్న: పంది మాంసం తింటే మెదడులో పురుగులు వస్తాయని మా ఇంట్లో భయం. ఈ వంట సురక్షితమేనా?
– వరంగల్ నుంచి

జవాబు: ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. సరిగ్గా ఉడకని, తిత్తులున్న మాంసం తింటే పేగుల్లో బద్దెపురుగు వస్తుంది. మెదడులో తిత్తులు మాత్రం ఆ పురుగు గుడ్లు మలం ద్వారా కలుషితమైన నీళ్లు, పచ్చి కూరలు, కడగని చేతుల నుంచి నోట్లోకి పోతే వస్తాయి. పంది మాంసం ముట్టని వాళ్లకీ రావచ్చు. గంటన్నర పైగా మరిగే హుంబాలో ఆ తిత్తులు బతకవు. జాగ్రత్త పడాల్సింది వండకముందు. పరీక్షించి ముద్ర వేసిన మాంసం అమ్మే దుకాణంలో కొనండి, కండలో బియ్యపు గింజల్లాంటి తెల్ల బొడిపెలు కనిపిస్తే తీసుకోకండి. పచ్చి మాంసం కోసిన కత్తి, చెక్క కడగకుండా ఉల్లిపాయలు తరగకండి.

ప్రశ్న: పైన వేలెడు మందాన కొవ్వు తేలుతోంది. తీసెయ్యాలా? ఎన్ని రోజులు నిలవ ఉంటుంది?
– ఖమ్మం నుంచి

జవాబు: వేపినప్పుడు కరిగిన కొవ్వు వంపెయ్యకపోతే అలా తేలుతుంది. వేడిగా ఉండగా గరిటెతో తోడటం విసుగు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు తెల్లటి పలకలా గడ్డకడుతుంది, చేత్తో ఎత్తెయ్యండి. దాని కింద పులుసు జెల్లీలా ఉంటే వంట బాగా కుదిరిందని అర్థం, కంగారు పడి పారెయ్యకండి. మొత్తం కొవ్వు తియ్యొద్దు, రెండు చెంచాలు ఉంచితేనే ఇగురుకి నిగారింపు.

మర్నాటికి హుంబా ఇంకా బావుంటుంది, వండిన రోజుకన్నా తర్వాతి రోజు తినేలా చూసుకోండి. వండాక రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి. తొందరగా చల్లారడానికి వెడల్పు డబ్బాల్లో సర్దండి. ఫ్రిజ్‌లో 3, 4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు. గుడ్లు వేసి ఉంటే ఫ్రీజర్‌లో పెట్టే ముందు తీసెయ్యండి, తెల్లసొన రబ్బరవుతుంది. తినేటప్పుడు కావలసినంతే తీసి, రెండు మూడు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి సన్నని సెగ మీద బుడగలు వచ్చేదాకా వేడి చెయ్యండి. నీళ్లు చల్లకపోతే ముక్క వేడెక్కేలోపే బెల్లం అడుగు పట్టుకుంటుంది.